నాన్న కోసం రాసిన ఎక్స్‌టెన్షన్ ఇంకొకరి సైటును మారుస్తోంది. ఇది తప్పా?

సుజాత_రామచంద్రపురం · ఆదివారం, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా నాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు. రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. పొద్దున్నే కాఫీ తాగుతూ ల్యాప్‌టాప్‌లో పేపర్లు, సాహిత్యం సైట్లు చదవడం ఆయన అలవాటు. ఒకరోజు పక్కన కూర్చుని చూశాను. చూపుడు వేలు తెరకి ఆనించి, వాక్యం వెంట నడిపిస్తూ చదువుతున్నారు. మూడో లైనులో ఉండగా పైనుంచి ఒక యాడ్ దిగింది, చదువుతున్న పేరా మొత్తం కిందకి జారిపోయింది. వేలు అక్కడే ఉంది, దాని కింద వాక్యం లేదు. మళ్లీ వెతుక్కున్నారు. ఈసారి 'నోటిఫికేషన్లు పంపమంటారా?' అని ఒక డబ్బా వచ్చింది. దాన్ని మూయబోయి ఇంకేదో నొక్కితే ఏదో లోన్ కంపెనీ పేజీ తెరుచుకుంది. నా వైపు తిరిగి "నేనేం చేశానమ్మా?" అన్నారు. ముప్ఫై ఏళ్లు పిల్లలకి చదవడం నేర్పిన మనిషి ఆ మాట అనేసరికి నాకు గొంతు పూడుకుపోయింది.

ఆ వారమే ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే ప్రోగ్రామ్) రాశాను. అక్షరాలు పెద్దవి చేస్తుంది, లైన్ల మధ్య ఎడం పెంచుతుంది. మన లిపిలో పైలైను ఒత్తులు, కిందిలైను గుడులు ఒకదానికొకటి తగిలితే ఆయనకి ఏదీ కనిపించదు. దాంతోపాటు యాడ్స్, వాటంతట అవే మొదలయ్యే వీడియోలు, పాపప్‌లు దాచేస్తుంది. తెలిసినవాళ్లు అడిగితే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు దొరికే స్టోర్‌లో పెట్టాను. ఇప్పుడు ఆరేడు వందలమంది వాడుతున్నారు. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు.

నిన్న ఒక మెయిల్ వచ్చింది. శతక పద్యాలు, వాటి తాత్పర్యాలు పెట్టే చిన్న సైటు నడుపుతున్న పెద్దాయన రాశారు. నా ఎక్స్‌టెన్షన్ ఉన్నవాళ్లకి తన పేజీలు చెడిపోయి కనిపిస్తున్నాయట. 'మా పేజీని మార్చే హక్కు మీకెవరిచ్చారు?' అని అడిగారు. యాడ్స్ గురించే అయ్యుంటుంది. ఆ నాలుగు యాడ్స్ మీదే సైటు ఖర్చు వెళ్తోందేమో. ఒక పెద్దాయన కోసం చేసిన పని ఇంకో పెద్దాయనకి నష్టం అయిందా అని రాత్రి నిద్ర పట్టలేదు. నేను చేసింది తప్పా? మీకు ఏమనిపిస్తే అది చెప్పండి.

రవి_మియాపూర్ · ఆదివారం, రాత్రి 9:48

సుజాత గారూ, ఇందులో తప్పేం లేదు. మీరు ఆయన సర్వర్‌లోకి వెళ్లి ఒక్క అక్షరం కూడా మార్చలేదు. ఆయన సైటు ఆయన దగ్గర ఎలా ఉందో అలాగే ఉంది. సైటు పంపేది ఒక కోడ్. దాన్ని తెర మీద ఎలా చూపించాలో చివరికి నిర్ణయించేది నా బ్రౌజర్. ఫోన్‌లో ఒకలా, కంప్యూటర్‌లో ఒకలా, ప్రింట్ తీస్తే ఇంకోలా కనిపిస్తుంది. వీటిలో 'అసలు పేజీ' ఏది?

పేపర్ ఇంటికొచ్చాక నాకు అక్కర్లేని పేజీ తీసి అలమరలో పరుచుకుంటాను. దానికి ఎడిటర్‌ని అడగను కదా. అసలు ఇవాళ్టి వెబ్‌లో యాడ్ అంటే బొమ్మ ఒక్కటే కాదు, వెనకాల నా వివరాలు సేకరించే స్క్రిప్టులు పదుల్లో ఉంటాయి. వాటిని ఆపడం నా హక్కు.

పాత_బ్లాగరు · ఆదివారం, రాత్రి 10:30

ఈ ప్రశ్న తెలుగువాళ్లకి కొత్త కాదు. 2005, 2006 ప్రాంతంలో నెట్‌లో ఉన్నవాళ్లకి 'పద్మ' గుర్తుండే ఉంటుంది. తెలియని పిల్లల కోసం చెప్తాను.

అప్పట్లో ఈనాడు, వార్త లాంటి పత్రికల సైట్లు యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా పనిచేసే అక్షరాల పద్ధతి) ఉండేవి కావు. ఒక్కో పత్రికకి ఒక్కో సొంత ఫాంటు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చి పెట్టేవారు. ఆ ఫాంటు పనిచేస్తేనే తెలుగు, లేకపోతే తెరనిండా డాలరు గుర్తులు, నెత్తిన చుక్కలున్న యూరప్ అక్షరాలు. ఒక వాక్యం కాపీ చేసి మెయిల్‌లో పెడితే అవతలివాళ్లకి పిచ్చిగీతలు వెళ్లేవి. వెతుకుదామంటే గూగుల్‌కి అది తెలుగని తెలిసేదే కాదు. లినక్స్ వాడే నాలాంటివాళ్లకి పొద్దున పేపరే లేదు.

పద్మ ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ యాడ్-ఆన్, అంటే ఎక్స్‌టెన్షనే. పత్రిక పేజీ తెరవగానే ఆ సొంత ఫాంటులోని ముక్కల్ని ఒక్కొక్కటిగా యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. తెలుగుతో మొదలై ఇతర భారతీయ భాషలకీ పాకింది. మొదటిసారి ఒక వార్తలోని వాక్యాన్ని కాపీ చేసి నా బ్లాగులో అతికిస్తే అది తెలుగులోనే పడింది. ఆ రోజు నాకు ఇంకా గుర్తుంది. వేరేవాళ్ల సైటులోని ప్రతి అక్షరాన్నీ మార్చేసిన యాడ్-ఆన్ అది. యాడ్ దాచడం దాని ముందు ఎంత? అయినా ఒక్క మాట కూడా మారలేదు. ఆ పత్రిక ఏం చెప్పదలిచిందో అదే చదివాం, మరింత బాగా చదివాం. మార్పు తప్పా ఒప్పా అనేదానికి నేను అప్పట్నుంచీ పెట్టుకున్న కొలత ఇదొక్కటే: రాసినవాడి మాట పాఠకుడికి చేరిందా లేదా.

వాణి_హన్మకొండ · సోమవారం, ఉదయం 7:05

రవి అన్నా, నీ పేపర్ పోలికతోనే నాకు పేచీ. పేపర్ ఇంటికొచ్చినాక నువ్వు చింపుకోవడం వేరు, పేపర్ వేసే అబ్బాయి మధ్యలో కరపత్రం దూర్చడం వేరు. ఎక్స్‌టెన్షన్ నీ చేయి కాదు. అది నువ్వు ఇంట్లో పెట్టుకున్న పనివాడు. వాడు ఎవరి కోసం పనిచేస్తున్నాడన్నది నీకు తెలియాలి.

హనీ సంగతే చూడండి. కొనేటప్పుడు కూపన్లు వెతికిపెట్టే ఎక్స్‌టెన్షన్. దాన్ని ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ పేపాల్ 2020లో దాదాపు 400 కోట్ల డాలర్లకి కొన్నది. 2024 డిసెంబర్‌లో ఒక యూట్యూబర్ దాని పనితీరు విప్పి చూపించాడు. ఎవరో ఒక చిన్న రివ్యూ రాసేవాళ్ల లింకు నొక్కి మనం షాపు సైటుకి వెళ్తాం. వాళ్లకి కమిషన్ రావాలి. చివర్లో హనీ డబ్బా మీద ఒక్కసారి నొక్కితే చాలు, కూపన్ దొరకకపోయినా సరే, ఆ కమిషన్ గుర్తు హనీ పేరు మీదికి మారిపోతుందని అతని ఆరోపణ. మేం పరిశ్రమ పద్ధతుల ప్రకారమే నడుస్తున్నామని పేపాల్ అన్నది. కోర్టుల్లో కేసులు పడ్డాయి. 2025 మార్చిలో గూగుల్ తన స్టోర్ నియమాలు మార్చి, వాడేవాళ్లకి నేరుగా లాభం లేకుండా కమిషన్ లింకులు పెట్టకూడదని రాసింది.

తెర నాదే, కంప్యూటర్ నాదే, ఇన్‌స్టాల్ చేసుకున్నదీ నేనే. కానీ జేబు ఖాళీ అయింది ఇంకొకరిది, అదీ నాకు తెలియకుండా నా చేతిమీదుగా. అందుకే 'నా బ్రౌజర్ నా ఇష్టం' అంటే సరిపోదు.

కిరణ్_వైజాగ్ · సోమవారం, ఉదయం 8:20

వాణి గారు చెప్పిన కరపత్రం నిజంగానే జరిగింది. 2015లో ఎయిర్‌టెల్ 3జీలో వెబ్‌పేజీలు చూస్తుంటే వాటిలోకి ఒక స్క్రిప్టు దూరుతోందని బెంగళూరు ప్రోగ్రామర్ ఒకాయన కనిపెట్టి బయటపెట్టారు. ఆ స్క్రిప్టు తయారుచేసిన ఇజ్రాయెల్ కంపెనీ తిరిగి ఆయనకే లీగల్ నోటీసు పంపింది. డేటా ఎంత వాడారో కస్టమర్లకి చూపించే ప్రయోగం అని ఎయిర్‌టెల్ సంజాయిషీ ఇచ్చింది. అక్కడ పాఠకుడూ అడగలేదు, సైటువాళ్లూ అడగలేదు. సుజాత గారి ఎక్స్‌టెన్షన్‌ని ఎవరికి వాళ్లు వెతుక్కుని పెట్టుకున్నారు. ఈ రెండూ ఒకే గాటన కట్టకండి.

వినేచదువు · సోమవారం, ఉదయం 11:40

నాకు చూపు లేదు. పుట్టినప్పటి నుంచీ అంతే. తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌తో ఈ చర్చ వింటున్నాను, దాంతోనే రాస్తున్నాను.

మీరంతా పేజీని మార్చవచ్చా అని మాట్లాడుకుంటున్నారు. నా దగ్గరికి ఏ పేజీ అయినా మారే వస్తుంది. రంగులు లేవు, పక్కపక్కన పెట్టిన అందం లేదు, ఒకదాని తర్వాత ఒకటిగా గొంతులోంచి వస్తుంది. ఒక బ్యాంకు సైటులో ఐదు బటన్లు వరసగా 'బటన్, బటన్, బటన్, బటన్, బటన్' అని వినిపించేవి. ఏది డబ్బు పంపేదో, ఏది రద్దు చేసేదో తెలియదు. మూడుసార్లు ఫిర్యాదు చేశాను, ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఒక మిత్రుడు పది లైన్ల స్క్రిప్టు రాసి ఆ బటన్లకి పేర్లు తగిలించాడు. వాళ్ల అనుమతి లేకుండా వాళ్ల పేజీని మార్చాడు. ఆ రోజు మొదటిసారి ఎవరి సాయమూ లేకుండా మా చెల్లికి డబ్బు పంపాను.

కాబట్టి సుజాత గారూ, 'మార్చే హక్కు ఎవరిచ్చారు' అన్న మాటకి తలవంచకండి. ఆ మాట ఒప్పుకుంటే నాకు వెబ్బే లేదు. కానీ మీ ఎక్స్‌టెన్షన్ ఏం దాస్తోందో చూసుకున్నారా? నాలాంటివాళ్లకి కనిపించకుండా పోయినదాని గురించి ఎప్పటికీ తెలియదు. అది అక్కడ ఉండాలన్న సంగతే తెలియదు.

శ్రీనివాస్_తెనాలి · సోమవారం, సాయంత్రం 6:10

సుజాత గారు లింకు పంపితే వచ్చాను. ఆ మెయిల్ రాసింది నేనే. కోపంలో రాశాను, మాట కొంచెం కటువుగా పడింది.

అమ్మా, నా బాధ యాడ్స్ గురించి కాదు. మా సైటులో ఉన్నది ఒకటే యాడ్, దానిమీద ఏడాదికి డొమైన్ ఖర్చు కూడా రాదు. నేనూ మా ఆవిడా సాయంత్రాలు కూర్చుని టైపు చేస్తాం. నేను పద్యం చదువుతాను, ఆవిడ కొడుతుంది, అరసున్నాలు, శకటరేఫలు లాంటి పాత అక్షరాలు నేను సరిచూస్తాను. అలా తొమ్మిదేళ్లుగా చేస్తున్నాం.

పోయిన నెల ఒక పాఠకుడు రాశాడు: 'పద్యం ఇవ్వకుండా వట్టి తాత్పర్యం ఇస్తే ఎవరికి ఉపయోగం?' నాకు అర్థం కాలేదు. తర్వాత ఇంకొకరు అదే మాట. మూడో ఆవిడ ఫోటో తీసి పంపింది. నిజంగానే పద్యం లేదు. శీర్షిక ఉంది, కింద తాత్పర్యం ఉంది, మధ్యలో ఖాళీ. ఆవిడ దగ్గర మీ ఎక్స్‌టెన్షన్ ఉంది. తీసేస్తే పద్యం వచ్చింది. తొమ్మిదేళ్ల పని చూసి 'వీళ్లు పద్యం కూడా ఇవ్వరు' అనుకుని ఎంతమంది వెళ్లిపోయారో నాకు తెలియదు. వాళ్లెవరూ మీకు రాయరు. తప్పు నాదనుకుంటారు.

సుజాత_రామచంద్రపురం · సోమవారం, రాత్రి 11:55

శ్రీనివాస్ గారూ, చేతులెత్తి క్షమాపణ అడుగుతున్నాను. ఇప్పుడే కారణం దొరికింది.

యాడ్స్ దాచడానికి నేను ఒక అడ్డదారి నియమం రాశాను. హెడర్, హెడ్‌లైన్ లాంటి తెలిసిన ఇంగ్లీషు పేర్లు తప్ప, పేజీలో ఏ డబ్బా పేరులోనైనా ఇంగ్లీషులో 'ఏ', 'డి' అక్షరాలు పక్కపక్కన ఉంటే దాన్ని దాచెయ్ అని. పెద్ద పత్రికల సైట్లలో పరీక్షించాను, బాగానే పనిచేసింది. మీరు మీ డబ్బాలకి చక్కగా తెలుగు పేర్లు పెట్టుకున్నారు. 'పద్యం' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 'పి' తర్వాత వచ్చేది 'ఏ', 'డి'. 'గద్యం' కూడా అంతే. 'తాత్పర్యం'లో ఆ జంట లేదు, అందుకే అదొక్కటే మిగిలింది.

అంటే నా నియమం పద్యాన్ని ప్రకటన అనుకుంది. మా నాన్నగారు కూడా మీ సైటు చదువుతారు. 'ఈయన తాత్పర్యం బాగా రాస్తాడు, పద్యం ఇస్తే ఇంకా బాగుండేది' అని ఒకసారి నాతో అన్నారు. నేను పట్టించుకోలేదు.

ఆ నియమం ఇప్పుడే తీసేశాను. కొత్త వెర్షన్ స్టోర్‌కి పంపాను, వాళ్లు ఆమోదించడానికి ఒకట్రెండు రోజులు పట్టొచ్చు.

పాత_బ్లాగరు · మంగళవారం, ఉదయం 6:50

పొద్దున్నే ఇది చదివి చాలాసేపు అలా కూర్చున్నాను. నేను పెట్టిన కొలతే ఇక్కడ విఫలమైంది: రాసినవాడి మాట చేరలేదు. అదీ ఎవరికీ తెలియకుండా చేరలేదు.

ఇలాంటిది పెద్దవాళ్లకీ జరిగింది. 2018 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ ఒక సవరణ వేసింది. ఒక వ్యాసంలో, అమెరికా వాణిజ్య లోటు గురించి తమ విలేఖరి రాసిన వార్తలోంచి ఎత్తిచూపిన వాక్యంలో 'గ్రేట్ రిసెషన్' (2008 నాటి ఆర్థిక మాంద్యం) అని ఉండాల్సిన చోట 'కుబుసాలు విడిచే, చల్లటి బండల కాలం' అన్న అర్థంలో ఏదో పడింది. 'మిలెనియల్స్' అనే తరం పేరునీ, ఆ తరంతో ముడిపడ్డ మాటల్నీ పాముల మాటలతో మార్చే ఒక సరదా ఎక్స్‌టెన్షన్ ఎడిటింగ్ సమయంలో ఎవరి బ్రౌజర్‌లోనో ఉంది. ఆ మారిన మాటే కాపీ అయి పత్రికలోకి వెళ్లింది. నా తెర మీద మార్పు నా తెరతో ఆగుతుందని రవి అంటున్నాడు. కాపీ, స్క్రీన్‌షాట్ ఉన్నంతకాలం ఆగదు.

రవి_మియాపూర్ · మంగళవారం, ఉదయం 9:30

ఒప్పుకుంటున్నాను. 'సర్వర్‌లో ఏమీ మారలేదు' అన్నది నిజమే గానీ, శ్రీనివాస్ గారి పరువు సర్వర్‌లో లేదు, చదివేవాళ్ల మనసులో ఉంది. అది నేను ఆలోచించలేదు.

కానీ దీన్నుంచి 'అయితే సైటువాళ్ల అనుమతి తీసుకోవాలి' అనే చోటికి మాత్రం వెళ్లొద్దు. అలా వెళ్తే రేపు ప్రతి సైటూ కోర్టుకి వెళ్తుంది.

శేఖర్_మ్యూనిక్ · మంగళవారం, మధ్యాహ్నం 1:15

వెళ్లింది కూడా. ఇక్కడ జర్మనీలో ఆక్సెల్ స్ప్రింగర్ అనే పెద్ద పత్రికా సంస్థ యాడ్స్ ఆపే యాడ్‌బ్లాక్ ప్లస్ అనే ఎక్స్‌టెన్షన్ మీద ఏళ్ల తరబడి పోరాడుతోంది. 2018 ఏప్రిల్‌లో ఇక్కడి అత్యున్నత సివిల్ కోర్టు, యాడ్స్ ఆపే సాఫ్ట్‌వేర్ అక్రమ పోటీ కిందకి రాదని చెప్పింది. స్ప్రింగర్ ఊరుకోలేదు, కాపీరైట్ దారిలో వచ్చింది. సైటు కోడ్ ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్, దాన్నుంచి బ్రౌజర్ మెమరీలో తయారయ్యే నిర్మాణాన్ని మార్చడం ఆ ప్రోగ్రామ్‌ని అనుమతి లేకుండా మార్చడమే అని వాదన. కింది కోర్టులు కొట్టేశాయి. 2025 జులై 31న అదే అత్యున్నత కోర్టు, ఈ విషయం సరిగా తేల్చలేదంటూ హాంబర్గ్ కోర్టుకి తిప్పి పంపింది.

ఆ వాదన గెలిస్తే దెబ్బ యాడ్‌బ్లాకర్లతో ఆగదు. అక్షరం పెద్దది చేసినా మార్పే, బటన్‌కి పేరు తగిలించినా మార్పే. పైన 'వినేచదువు' గారు రాసింది చదివాక నాకు దీని గురించి ఇంకా టెన్షన్‌గా ఉంది.

అలాగని యాడ్‌బ్లాక్ ప్లస్‌ని నేను నెత్తిన పెట్టుకోను. 2011 నుంచి 'ఆమోదయోగ్యమైన' యాడ్స్ అని కొన్నిటిని వదిలేస్తున్నారు, పెద్ద కంపెనీల దగ్గర దానికి డబ్బు తీసుకుంటున్నారు. యూబ్లాక్ ఆరిజిన్ అనే ఇంకో యాడ్‌బ్లాకర్ రాసినాయన మాత్రం విరాళాలు కూడా తీసుకోరు. సుజాత గారు ఆయన దారిలోనే ఉండాలని నా కోరిక.

సుజాత_రామచంద్రపురం · మంగళవారం, రాత్రి 8:40

శేఖర్ గారి మాటతో ఒక విషయం చెప్పక తప్పట్లేదు. రెండు నెలల క్రితం ఎవరో మెయిల్ పెట్టారు, ఎక్స్‌టెన్షన్ అమ్ముతారా అని. వాడేవాళ్ల లెక్కన ఒక్కొక్కరికి ఇంత అని ధర కూడా రాశారు. పెద్ద మొత్తం కాదు గానీ మా ఇంటికి రెండు నెలల కిరాణా ఖర్చు. జవాబు ఇవ్వలేదు. వద్దని కూడా అనలేదు, అలా వదిలేశాను.

వాణి_హన్మకొండ · మంగళవారం, రాత్రి 9:02

అక్కా, ఇప్పుడే వద్దని రాసెయ్యి. ద గ్రేట్ సస్పెండర్ అని వాడని ట్యాబ్‌లని నిద్రపుచ్చే మంచి ఎక్స్‌టెన్షన్ ఉండేది. ఇరవై లక్షలకి పైగా జనం వాడేవాళ్లు. 2020లో రాసినాయన దాన్ని ఎవరికో అప్పగించాడు. కొత్త యజమాని చేతిలో తెలియని కోడ్ దూరింది. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని హానికరమని తీసేసి, వాడేవాళ్ల బ్రౌజర్లలో కూడా ఆపేసింది. స్టైలిష్ అనేది సైట్ల రూపం మార్చే ఎక్స్‌టెన్షన్. అది కూడా చేతులు మారినాక జనం చూసే సైట్ల చిట్టా మొత్తం సేకరిస్తున్నదని 2018లో బయటపడింది.

మీ ఎక్స్‌టెన్షన్ పెట్టుకునేటప్పుడు నాన్నగారి బ్రౌజర్ ఏం అడిగింది? అన్ని సైట్లలోని సమాచారం చదవడానికి, మార్చడానికి అనుమతి. ఆయన అది ఇచ్చింది కూతురికి. అమ్మితే ఆ తాళంచెవి ఆయనకి చెప్పకుండా చేతులు మారుతుంది.

సుజాత_రామచంద్రపురం · బుధవారం, రాత్రి 10:20

వద్దని రాసేశాను.

ఎక్స్‌టెన్షన్‌లో ఇవాళ చేసినవి: అక్షరాల సైజు, లైన్ల ఎడం మొదటినుంచీ ఉంటాయి. దాచే పని మాత్రం ఎవరికి వాళ్లు ఆ సైటులో నొక్కితేనే మొదలవుతుంది. ఏదైనా దాచినప్పుడు అక్కడ సన్నటి గీత, 'ఇక్కడ ఒకటి దాచాం, చూడాలంటే నొక్కండి' అని చిన్న మాట ఉంటుంది. స్క్రీన్ రీడర్ దాన్ని చదివేలా పెట్టాను. 'వినేచదువు' గారూ, మీరొకసారి పరీక్షించి చెప్పగలరా? అన్ని సైట్ల అనుమతి కూడా తీసేశాను, ఏ సైటులో కావాలంటే దానికే అడుగుతుంది.

రవి గారు దీన్ని మెత్తబడటం అనొచ్చు. దాచడం తప్పని నేను ఇప్పటికీ అనుకోవట్లేదు. మా నాన్న కోసం నేను నిర్ణయించాను, ఎందుకంటే పక్కన కూర్చుని చూశాను. మిగతా ఆరేడు వందలమంది పక్కన నేను కూర్చోలేదు.

వినేచదువు · గురువారం, ఉదయం 7:30

పరీక్షించాను. గీత దగ్గర మాట స్పష్టంగా వినిపిస్తోంది, నొక్కితే దాచింది తెరుచుకుంటోంది. ఒక్కటే, ఒకే పేజీలో పన్నెండుసార్లు వినిపించింది. వరసగా ఉన్నవాటిని కలిపి 'మూడు దాచాం' అంటే బాగుంటుంది.

శ్రీనివాస్_తెనాలి · గురువారం, సాయంత్రం 5:45

కొత్త వెర్షన్ వచ్చింది. మా ఆవిడ ల్యాప్‌టాప్‌లో పెట్టి చూశాం. పద్యాలు వచ్చాయి. ధన్యవాదాలమ్మా.

ఒక చిన్న ఇబ్బంది మిగిలింది. అక్షరాలు బాగా పెద్దవి చేస్తే పాదం లైనులో పట్టక విరిగి కిందికి వస్తోంది. నాలుగు పాదాల వృత్తం ఎనిమిది లైన్లయింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు అదే పద్యరూపం అనుకుంటారని భయం. పాదం విరగకుండా చేయగలరా?

సుజాత_రామచంద్రపురం · గురువారం, రాత్రి 9:10

చేయొచ్చు, కానీ అప్పుడు పాదం చివర చదవాలంటే తెరని పక్కకి జరుపుకోవాలి. నాన్నగారికి రెండూ చూపించాను. ఆయన విరిగినదే కావాలన్నారు. "అక్షరం పెద్దగా ఉంటే చాలు. రెండో అక్షరం ప్రాస చూసుకుంటే పాదం ఎక్కడ మొదలైందో నాకు తెలుస్తుందిలే" అన్నారు. కానీ అది ఆయనకి. విరిగిన ముక్కని కొంచెం లోపలికి జరిపి పెడితే పాదం మొదలు ఏదో కొత్తవాళ్లకీ తెలుస్తుందనుకుంటున్నాను. ఆదివారం నాటికి చేసి మీకు పంపుతాను, ఈసారి స్టోర్‌లో పెట్టకముందే మీరూ అమ్మగారూ ఒకసారి చూడండి.